అరిస్తే పడిపోయిన ముల్లు

ఆదివారం పొద్దున కాఫీ చేతికి రాకముందే మెయిల్ వచ్చింది. కాకినాడలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడట. "సార్, ఆర్కైవ్‌లో మీరు పెట్టిన లెవల్ మీటర్ కోడ్ వాడుతున్నాను. మామూలుగా మాట్లాడితే ముల్లు బాగానే లేస్తోంది. మైకు దగ్గర పెట్టుకుని గట్టిగా అరిస్తే కిందికి పడిపోతోంది."

ఒళ్లు మండింది. ఆ కోడ్‌ని నలుగురికీ పనికొస్తుందని అక్కడ పెట్టి పద్దెనిమిదేళ్లయింది. మొదటి లైన్లోనే 'పూర్తిగా పరీక్షించినది' అని రాశాను కూడా. నా పాత పాట మీకు తెలిసిందే: పంచేది ఏదైనా తాలు ఏరి మరీ పంచాలి. అలా పంచినదాన్ని దించుకుని, చదవకుండా నడిపేసి, నడవకపోతే మెయిల్ కొట్టడమా?

'మా రోజుల్లో' అని మొదలుపెడితే మా ఆవిడ లేచి వెళ్లిపోతుంది. మీరు కాస్త కూర్చోండి.

1973 డిసెంబరులో మెక్‌క్లెలన్, పార్క్స్, రాబినర్ అనే ముగ్గురు ఒక ఐఈఈఈ పత్రికలో డిజిటల్ ఫిల్టర్లు డిజైన్ చేసే ఫోర్ట్రాన్ ప్రోగ్రాముని ఉన్నదున్నట్టు అచ్చేశారు. సిద్ధాంతం చెప్పి ఊరుకోలేదు. ఏ ఫ్రీక్వెన్సీలు వదలాలో, ఏవి ఆపాలో చెబితే చాలు, గుణకాలు లెక్కగట్టి చేతిలో పెడుతుంది. 1979లో ఐఈఈఈ ప్రెస్ ఇలాంటి సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రోగ్రాములతో ఏకంగా పుస్తకమే వేసింది. ఎంటెక్‌లో మాకు దొరికింది జిరాక్సుకు జిరాక్సు. అది ఒకటో ఐయో తెలీదు, సున్నానో ఓనో తెలీదు. ప్రతి వాక్యం ఏడో గడిలో మొదలవ్వాలి, డెబ్బై రెండు దాటకూడదు. మూడు రాత్రులు కూర్చుని టైపు చేశాను. నాలుగో రాత్రి నడిపితే, 'అవుచ్' పలికింది.

ఆ ప్రోగ్రాములో నిజంగానే ఆ పేరుతో ఒక సబ్‌రొటీన్ ఉంది. మన భాషలో 'అబ్బా!' అన్నమాట. లెక్క కుదురుకోనప్పుడు అది ముందుకొస్తుంది: కుదరలేదు, బహుశా మెషీను అంకెల్ని కుదించడం వల్ల కావచ్చు, అయినా డిజైన్ సరిగ్గానే ఉండొచ్చు, సరిచూసుకోండి అంటుంది. నా విషయంలో తప్పు మెషీనుది కాదు. ఒకచోట ఒకటికి బదులు ఐ కొట్టాను. ఐ కూడా ఫోర్ట్రాన్‌కి పూర్ణాంకమే కనుక నోరు మెదపలేదు. లైను లైనూ జిరాక్సుతో పోల్చుకుంటే రెండు రోజులకి దొరికింది. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

1985లో డాంగారా, గ్రాస్ అనే ఇద్దరు నెట్‌లిబ్ అనే ప్రోగ్రాముల భాండారం మొదలుపెట్టారు. ఈమెయిల్ పంపితే ప్రోగ్రాము తిరుగు ఈమెయిల్లో వచ్చేది. టైపు బాధ తీరింది. దాంతోపాటే చదివే అలవాటూ పోయిందని నా ఫిర్యాదు.

'ముందు కోడ్ చదువు నాయనా' అని జవాబు రాయబోతూ చూస్తే మెయిల్ కింద ఇంకా ఉంది. నేనే చివరిదాకా చదవలేదు.

"మీ అసెంబ్లీ కోడ్‌ని లైను లైనూ సీ భాషలోకి మార్చుకున్నాను సార్. తేడా నలభై మూడో లైన్లో ఉందనుకుంటున్నాను."

తెరిచాను. శబ్దం బలం కొలవాలంటే ప్రతి శాంపిల్‌నీ దానితోనే గుణించాలి. పదహారు బిట్లలో అంకె పైకి 32,767 దాకానే పోతుంది, కిందికి మాత్రం మైనస్ 32,768 దాకా. అరిస్తే శాంపిల్ వెళ్లి ఆ అడుగునే తగులుతుంది. దాన్ని దానితోనే గుణించి, పదహారు బిట్లలో భిన్నాలు రాసే క్యూ15 లెక్క ప్రకారం రెట్టింపు చేస్తే 2,14,74,83,648. ముప్పై రెండు బిట్లలో పట్టేది 2,14,74,83,647. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ! అంతే, మొత్తం మైనస్‌లోకి తిరగబడుతుంది. కలపాల్సిన బలాన్ని తీసేస్తుంది.

నా సిగ్నల్ ప్రాసెసర్లో శాచురేషన్ మోడ్ వేసి ఉండేది. లెక్క పొంగితే అదే గరిష్ఠం దగ్గర ఆపేసేది. ఆ మోడ్ వేసే లైను నా ఇంకో ఫైల్లో ఉండిపోయింది, పంచినదాంట్లో లేదు. కుర్రాడిది మామూలు మైక్రోకంట్రోలర్, దానికి ఆ దయ లేదు.

ఇంకో పద్దెనిమిదేళ్లు దగ్గర పెట్టుకుని తాలు ఏరినా ఆ నలభై మూడో లైను అలాగే ఉండేది. నా బల్ల మీద ఆ ముల్లు ఎన్నడూ పడదు కదా! వేరే బల్ల మీద పడాలంటే నా చెయ్యి దాటాల్సిందే. శుభ్రం చేశాకే పంచమని ఇన్నాళ్లూ మీకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పంచండి, ఎక్కడ 'అబ్బా' అనాల్సి వస్తుందో మాత్రం రాసిపెట్టండి.

కుర్రాడి సవరణ చేర్చాను. పై లైన్లో 'పూర్తిగా' అన్న మాట కొట్టేసి ఇలా రాశాను: 'ఒకే చిప్పు మీద, శాచురేషన్ మోడ్‌తో, మామూలు గొంతుతో పరీక్షించినది. అరిచి చూడలేదు.'