గళ్ల చీర మీదికి ఏ రంగు జాకెట్టు?

అమలాపురంలో ఏ మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినా కౌంటర్ వెనకాల కుర్రాడు ముందు చేసే పని ఒకటే. చీర మడత విప్పుతాడు, అందులో ఏ రంగు ఎక్కువుందో చూస్తాడు, ఆ రంగు తాను పైనుంచి దించుతాడు. "బాడీ కలర్‌కి కరెక్టుగా సరిపోయిందండి, ఆయ్" అంటాడు. సాదా చీరకైతే ఆ లెక్క చెల్లుతుంది. గళ్ల చీర దగ్గరే బోల్తా కొడుతుంది.

అప్పనపల్లిలో ఉండే మా పిన్నికి ఈ విషయంలో పెద్ద పట్టు. గోదావరి పాయ వైనతేయ మీద బోడసకుర్రు వంతెన దాటి, చీర సంచీలో పెట్టుకుని అమలాపురం వెళ్లేది. కుర్రాడు దించిన తాను పక్కకి నెట్టేసి, "సన్న పోగు చూడు బాబూ" అనేది. ఆ ఒక్క మాటలో సగం విద్య ఉంది.

ఎందుకో తెలియాలంటే గడి ఎలా పడుతుందో చూడాలి. అమలాపురం పక్కనే ఉన్న బండారులంక చేనేతకు పేరున్న ఊరు. అక్కడైనా ఇంకెక్కడైనా మగ్గం మీద సూత్రం ఒకటే. పడుగులో రంగు పోగులు ఏ వరసలో వేశారో పేకలోనూ అదే వరస కొడితే గళ్లు పడతాయి. నేరేడు పోగు మీద నేరేడు పోగు పడ్డచోట ముద్ద నేరేడు. నేరేడు మీద ఆకుపచ్చ పడ్డచోట ఆ రెండూ కాని మూడో ఛాయ. అంటే నేతగాడు వాడింది రెండు రంగులు, చీరలో కనపడేవి మూడు. మూడు రంగులు వాడితే ఆరు, నాలుగు వాడితే పది. కొన్నది నాలుగు రంగుల చీరే అయినా కట్టుకునేది పది రంగులు. అందులో ఒకదాన్ని పట్టుకుని జాకెట్టు వేస్తే తక్కిన తొమ్మిదీ ఊరుకోవాలి కదా.

సరిగ్గా ఈ చిక్కే స్కాట్లండ్ మగవాళ్లకీ ఉంది. వాళ్లు కట్టే కిల్టు టార్టన్ అనే గళ్ల ఉన్ని గుడ్డ. దాని లెక్కా ఇదే: పడుగులో ఏ వరసో సాధారణంగా పేకలోనూ అదే వరస. పైన వేసుకునేదాన్ని వాళ్లూ జాకెట్టనే అంటారు. మనం ఆ మాట ఇంగ్లీషువాళ్ల దగ్గర తీసుకుని రవికకి తగిలించాం. పగటిపూట కిల్టు మీదికి ముతక ట్వీడ్ కోటు వేస్తారు. బూడిద కలిసిన ఆకుపచ్చ, గోధుమ, నాచు రంగు లాంటివి, అదీ టార్టన్‌లో ఎక్కడో ఒదిగి ఉన్న ఒక చిన్న చారకి దగ్గరగా చూసుకుంటారు. రాత్రి విందుకైతే ఈ తర్జనభర్జన లేదు, నల్లకోటు, వెండి బొత్తాలు. మన పెళ్లిళ్లలో ఏ పట్టుచీర మీదికైనా బంగారు రంగు జాకెట్టు తగిలించేస్తున్నారే, అలాగన్నమాట. అది పని గడుపుకోవడమే తప్ప ఎంపిక కాదని నా అభిప్రాయం.

తేడా ఒకటుంది. టార్టన్‌ది ఏటవాలు నేత, దగ్గరగా చూస్తే కలిసిన రంగులు వాలు గీతల్లా కనిపిస్తాయి. మన నూలు చీర సాదా నేత, ఒక పోగు పైన, ఒక పోగు కింద. రంగులు చుక్కలు చుక్కలుగా కలిసి, నాలుగడుగులు వెనక్కి జరిగితే ఒకే ముద్దయిపోతాయి. అందుకే పిన్ని చీరని కొట్టు గడప మీద వేలాడదీయించి, రోడ్డు దాకా వెళ్లి, కళ్లు సగం మూసి చూసేది. గళ్లు చెదిరిపోయి చీర మొత్తానికి ఒక రంగు తేలుతుంది. జాకెట్టు ఆ రంగుతో గొడవ పడకూడదు. కానీ అదే రంగూ కాకూడదు, అదే వేస్తే మనిషి మెడ నుంచి కాళ్ల దాకా ఒక దుప్పటి అయిపోతుంది.

నేరేడు రంగు మీద ఆకుపచ్చ గళ్లు, గడికి ఇరుపక్కలా ఒక్కో ఇటుక రంగు పోగు ఉన్న చీర అనుకోండి. నేరేడు జాకెట్టు వేస్తే చీర కిందికి జారినట్టుంటుంది. ఆకుపచ్చ వేస్తే గళ్లు పైకి ఎగబాకినట్టుంటాయి. ఇటుక రంగు వేసి చూడండి, అప్పటిదాకా కంటికి ఆనని ఆ సన్న పోగు చీరంతా వెలుగుతుంది. అయితే తానులో ఇటుక రంగు చీరలోని పోగుకంటే ఒక మెట్టు మాసినట్టుండాలి. పోగు వెంట్రుకంత, జాకెట్టు గుడ్డ ముప్పాతిక మీటరు పైమాటే. అదే మెరుపు అంత మేర పరిస్తే అరుస్తుంది.

ఇక వెలుతురు. ట్యూబులైటు కింద రంగు కొనకూడదని అందరికీ తెలుసు. కొబ్బరి తోటలో కూడా చూడకూడదని మాత్రం కోనసీమవాళ్లే చెప్పగలరు. మట్టల్లోంచి జారిన వెలుగులో పచ్చదనం కలుస్తుంది, ఎరుపులు నల్లబడతాయి. పిన్ని ఇంటికొచ్చాక జాకెట్టు ముక్క, చీర రెండూ పట్టుకుని గోదావరి గట్టు మీదికి పోయి ఇంకోసారి చూసుకునేది. ఊళ్లోని బాలబాలాజీ గుడికొచ్చే యాత్రికులు ఈవిడ గట్టు మీద చీర ఆరేస్తోంది కాబోలనుకునేవారు.

చీరతోపాటే చివర వచ్చే జాకెట్టు ముక్కని వాడుకోవచ్చు కదా అంటారు. వాడుకోవచ్చు. గళ్ల మీద అవే గళ్లు మాత్రం ఒద్దు. కత్తిరింపులో భుజం దగ్గర గడికి గడి కలవదు, ఆ వంకర జన్మంతా కనిపిస్తూ ఉంటుంది. పేరంటాల్లో బొట్టు పెట్టి ఇచ్చిన ముక్కలు ట్రంకుపెట్టె నిండా ఉంటాయి, వాటిలో ఒక్కటీ దేనికీ కలవదు. అయినా పిన్ని పారెయ్యదు. కొట్టుకి వెళ్లే ముందు వాటినే ఒక్కోటీ చీర మీద పరిచి చూస్తుంది. ఏ రంగు కావాలో తేలకపోయినా ఏది వద్దో తేలిపోతుంది.

చీర నాలుగు కట్లకోసారి ఉతుకుతాం, జాకెట్టు ప్రతి కట్టుకీ ఉతకాలి. రెండేళ్లు తిరిగేసరికి అది వెలిసి చీరకి దూరమవుతుంది. అందుకని పిన్ని మాసిన రంగులోనే కాస్త ముదురుది తీసుకుని, ఓ రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలరుకిచ్చేది. ఇందాకటి నేరేడు గళ్ల చీర లాంటిదైతే చేతుల అంచుకి పైపింగు మాత్రం నేరేడు రంగులో, దారమంత సన్నంగా వెయ్యమనేది.