పరువు అన్న షరతు

రోసా లీ ఇంగ్రామ్ కోసం, జోన్ లిటిల్ కోసం అమెరికా నల్లజాతి స్త్రీలు నడిపిన విడుదల ఉద్యమాలను పక్కపక్కన పెట్టి చూస్తే, రెండింటి మధ్యా ఒక మాట తేడా ఉంది. అది చిన్న తేడా కాదు.

ఇంగ్రామ్ జార్జియాలో పాలుకు సేద్యం చేసుకునే వితంతువు. పన్నెండు మంది పిల్లలు. 1947 నవంబరులో పొరుగున ఉండే తెల్ల రైతు తుపాకీ పట్టుకుని మీదికొచ్చాడు, పెనుగులాటలో చనిపోయాడు. అందరూ తెల్ల మగవాళ్లే ఉన్న జ్యూరీ ముందు ఒక్క రోజులో విచారణ ముగిసింది. ఆమెకూ ఇద్దరు కొడుకులకూ మరణశిక్ష పడింది. నిరసనలు రేగాక అది యావజ్జీవమైంది. ఉద్యమం ఎత్తుకున్న మాట ‘అమ్మ’. మాతృదినోత్సవం నాడు అధ్యక్షుడు ట్రూమన్‌కు కార్డులు పంపారు. 1949లో నల్లజాతి స్త్రీల నాయకురాలు మేరీ చర్చ్ టెరెల్ ఐక్యరాజ్యసమితి దాకా వినతిపత్రం తీసుకెళ్లారు. ఆ మాటకు బలముంది, కాదనను. కానీ తల్లి బొమ్మ ముందుకొచ్చిన కొద్దీ, ఆ రైతు అంతకుముందు నుంచే ఆమెను వేధించాడన్న సంగతి వెనక్కి పోయింది. పశువులు చేలో పడ్డ తగాదాగానే చాలామందికి గుర్తుంది.

జోన్ లిటిల్‌ను ఆ చట్రంలో ఇమడ్చలేరు. ఇరవై ఏళ్ల మనిషి, దొంగతనం కేసులో నార్త్ కరోలినాలోని ఒక చిన్న ఊరి జైల్లో ఉన్నారు. 1974 ఆగస్టులో ఆమె గదిలో జైలరు ఐసు పొడిచే సూదిపోట్లతో చచ్చి పడి ఉన్నాడు, నడుం కింద బట్టల్లేవు. అత్యాచారాన్ని ఎదిరించానని లిటిల్ అన్నారు. ఆమే అతన్ని వలలో వేసిందని ప్రాసిక్యూషన్ వాదించింది. ఉద్యమం ఆమె మంచిదని నిరూపించే పనికి పూనుకోలేదు. నా లెక్కలో అదే దాని గొప్పతనం. నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ ఈ కేసును నేరుగా బానిసత్వపు రోజుల అత్యాచారాలతో ముడిపెట్టి రాశారు. మనం ‘మానం కాపాడుకోవడం’ అంటాం. పరువుగల ఆడదానికే ఆ హక్కు అన్న షరతు ఆ మాటలోనే ఉంది. దొంగతనం చేసిన మనిషి ఒళ్లు కూడా ఆమెదే అని ఈ ఉద్యమం తేల్చి చెప్పింది.

నినాదం ఒక్కటే లిటిల్‌ను గెలిపించలేదు. విరాళాలు వచ్చాయి, జ్యూరీ ఎంపికకు సర్వేలు చేయించారు, కూర్చున్న పన్నెండు మందిలో ఆరుగురు నల్లవాళ్లు. ఇంగ్రామ్‌కు అలాంటి జ్యూరీ దొరకలేదు.

1975 ఆగస్టు 15న జ్యూరీ గంటన్నర లోపే లిటిల్ నిర్దోషి అని తేల్చింది. పాత దొంగతనం శిక్ష మిగిలే ఉంది, ఆమె మళ్లీ జైలుకే వెళ్లారు. ఇంగ్రామ్‌కు 1959లో దక్కింది పెరోల్ మాత్రమే.