అమానవీకరణమును కొలుచుట: తెలుగునకు తగిన కొలమానము

సాటిమనుజుని మనుజుడుగా గణింపకుండుటను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అమానవీకరణ మందురు. నిక్ హాస్లమ్ 2006వ సంవత్సరమున దీనిని రెండు విధములుగ విభజించెను. ఎదుటివానియందు నాగరకత, వివేకము, నీతిజ్ఞానము లేవనుట మొదటిది. ఇది వానిని పశువుతో సమానము చేయును. వానికి హృదయస్పందనము, ఆప్యాయత, స్వయంనిర్ణయశక్తి లేవనుట రెండవది. ఇది వానిని యంత్రముతో సమానము చేయును. 2015లో క్టైలీ ప్రభృతులు వానరాకృతి మొదలు నిటారుగ నిలిచిన మనుజుని వరకు చిత్రములు చూపి, ఒక్కొక్క జనవర్గమునకు 0 నుండి 100 వరకు అంకె నిమ్మనిరి. ఈ ప్రశ్నలను తెనిగించి కృష్ణా డెల్టా గ్రామములలో అడిగిన చాలునా? చాలదని నా యభిప్రాయము.

మొదటి చిక్కు జంతుసామ్యమున కలదు. విజయవాడ ఇంద్రకీలాద్రిపై దుర్గ మహిషాసురమర్దని; కృష్ణ కావలి మంగళగిరిలో మనము కొలుచునది నరసింహుని. "పులివంటివాడు" అనుట స్తుతి. "దున్నపోతు" అనుట నింద. కావున నింద కేవలము జంతుత్వమున లేదు. ఏ జంతువు, ఎవరినోట, ఎవరినిగూర్చి యనునదే ప్రధానము.

ఈ విషయమును జాషువ 'గబ్బిలము' (1941) మరింత లోతుగ చూపుచున్నది. అందు అస్పృశ్యుడైన నాయకుడు తన మొరను శివునికి విన్నవింప గబ్బిలమును పంపును. ఆలయమున గబ్బిలమునకు చోటున్నది, మనుజునికి లేదు. ఇచట నాయకుని ఎవరును పశువని పిలువ పనిలేదు. ద్వారము మూయుటయే చాలును. వానరచిత్రముల మెట్లవరుసపై ఈ నిరాకరణమునకు స్థానమేది?

రెండవ చిక్కు వ్యాకరణమునకు సంబంధించినది. చిన్నయసూరి 'బాలవ్యాకరణము' (1858) స్త్రీ తిర్యగ్జడములను మహత్తులనుండి వేరుపరచినది. "ఆమె వచ్చినది", "ఆవు వచ్చినది" అనుచోట్ల క్రియారూప మొక్కటే. దీనినిబట్టి వక్త స్త్రీని పశుప్రాయముగ తలంచెననుట పొరపాటు. కాని వయసు మీరిన కూలివానిని పసివాడు "ఏరా" యని పిలుచుట మాత్రము కొలువదగిన విషయమే. అదే పిలుపు తల్లినోట వాత్సల్యము. కనుక పరిశోధకుడు పదమును కాక, వక్తృశ్రోతల సంబంధమును పరిశీలింపవలెను.

హాస్లమ్ చెప్పిన రెండవ విధమునకు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) నిదర్శనము. సంగదాసు చౌదరయ్య యింట పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు వానికి మిత్రుడు. ఒకే యింట ఒకరికి అతడు సేద్యమునకు చేయి, వేరొకరికి హృదయమున్న మనుజుడు. యజమాని వాని బుద్ధిని శంకింపలేదు. వానికొక అభిప్రాయ ముండుటను సహింపలేదు. వివేకమునుగూర్చి మాత్రమే ప్రశ్నించు కొలమానము చౌదరయ్యను నిర్దోషిగ తేల్చును.

ఇది గ్రంథచర్చతో ముగియు విషయము కాదు. 1991 ఆగస్టు 6న డెల్టాలోని చుండూరులో దళితులు హతులైరి. ఆ వైషమ్యము సినిమాహాలులో ఒకరి కాలు వేరొకరికి తగులుటతో రగుల్కొన్నది. కాలు తగిలినందులకు క్షమింపలేని చిత్తమును "వీరు పశువులా?" యను ప్రశ్న పట్టజాలదు, "కా"దని మర్యాదగ బదులు చెప్పి తప్పించుకొనవచ్చును. సున్న వచ్చినంతమాత్రమున దోషము లేదని మనము సంతసింతుము. అదియే పెద్ద ప్రమాదము.

కావున తెలుగు కొలమానము పిలుపును, కూర్చుండు చోటును, మంచినీళ్ల గ్లాసును, ఎదురుచెప్పు హక్కును అడుగవలెను. చూచువానినే కాక, అట్లు చూడబడినవానిని గూడ అడుగవలెను. జాషువ చేసిన దదియే: మూసిన తలుపు సంగతి బయట నిలిచినవానిచేత చెప్పించెను.