మైనపు దారంతో వైశాల్యపు లెక్క

ఆదిలాబాద్ అడవి ప్రాంతంలో ఓజాలు తరతరాలుగా చేస్తున్న ఇత్తడి పోతపనికి 2018లో 'ఆదిలాబాద్ డోక్రా' అన్న పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు, దీపాలు వీరి చేతిలోనే రూపుదిద్దుకుంటాయి. 2016 నాటి జిల్లాల విభజన తర్వాత కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఉషేగాం ఈ పనికి పేరుపొందిన ఊరు. ఈ కళను అందం కోసం మెచ్చుకునేవారు చాలామందే ఉన్నారు గాని, పదో తరగతి 'క్షేత్రమితి' పాఠంలోని ఒక చిక్కుముడి, అంటే కొన్ని ఘనాకారాలను కలిపి చేసిన వస్తువుకు ఉపరితల వైశాల్యం కనుక్కోవడం, ఇందులో నిత్యం జరిగే పని అని గుర్తించినవారు అరుదు.

మొదట కావలసిన ఆకారాన్ని మట్టితో చేసి ఆరబెట్టి, దానిమీద తేనెమైనపు సన్నని దారాలను ఒకదాని పక్కన ఒకటి ఎడం లేకుండా చుట్టి, పైన మళ్లీ మట్టి పూతలు వేసి కాలుస్తారు. వేడికి మైనం కరిగి పోగా మిగిలిన ఖాళీలోకి కరిగిన ఇత్తడిని పోస్తే, మైనం ఉన్న చోటల్లా లోహం నిలుస్తుంది. కాబట్టి ఎంత మైనం పడుతుందన్న ప్రశ్న, మట్టి ఆకారపు ఉపరితలం ఎంత అన్న ప్రశ్న నిజానికి ఒక్కటే.

ఉదాహరణకు 3 సెం.మీ. వ్యాసార్థం, 4 సెం.మీ. ఎత్తు గల స్థూపం మీద అంతే వ్యాసార్థపు అర్ధగోళం కూర్చుని ఉన్న గంటను తీసుకుంటే, స్థూపపు వక్రతలం 2πrh ప్రకారం 24π, అర్ధగోళపు వక్రతలం 2πr² ప్రకారం 18π, మొత్తం 42π, అంటే 132 చదరపు సెం.మీ. అవుతుంది. రెండు ఆకారాలు అతుక్కున్న చోటి వృత్తాలు లోపల మరుగున పడ్డాయి. గంట మూతి తెరిచి ఉంటుంది కనుక అడుగు వృత్తమూ లెక్కలోకి రాదు. ఇది గమనించని విద్యార్థి రెండింటి సంపూర్ణతల వైశాల్యాలను కలిపి 69π, అంటే దాదాపు 217 అని రాస్తాడు. కాగితం మీద పోయేది ఒకటో రెండో మార్కులే గాని, ఆ లెక్కను నమ్మి మైనం సిద్ధం చేసుకుంటే ఒకటిన్నర రెట్లకు మించి పోగవుతుంది.

ఇక దారం మందం 2 మి.మీ. అనుకుంటే, 132ను 0.2తో భాగించగా 660 సెం.మీ. దారం కావాలి, అంటే వక్రతలాన్ని ఒక పొడవుగా మార్చి కొలిచే సాధనమే ఈ దారం. ఇందులో పాఠ్యపుస్తకం చెప్పని ముచ్చట ఒకటుంది. గుండ్రని దారం బయటికి చూపేది అర్ధస్థూపాన్ని కనుక, డోక్రా వస్తువు మీద కనిపించే గాళ్ల ఉపరితలం నునుపైన ఆకారపు వైశాల్యానికి π/2 రెట్లు, సుమారు 207 చదరపు సెం.మీ. ఉంటుంది, దారం సన్నదైనా లావుదైనా ఈ నిష్పత్తి మారదు.

ఆ 660 సెం.మీ. దారం సుమారు 20 గ్రాములు తూగుతుంది. ఇత్తడి సాంద్రత మైనానికి సుమారు తొమ్మిది రెట్లు కనుక గంటకు పట్టే ఇత్తడి 176 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. పోత కాలువలో మిగిలేది దీనికి అదనం. మైనాన్ని ముందే తూచి దాన్నిబట్టి లోహాన్ని నిర్ణయించుకోవాలని, 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసం' చెబుతుంది. సూత్రం తెలిసినవారు వైశాల్యం నుంచి బరువుకు వస్తే, పోతపనివారు తూకంతోనే ఆ పని ముగిస్తారు. ఎంత వంకరటింకర ఆకారానికైనా చెల్లుతుంది కనుక, ఆచరణలో రెండో దారే మేలైనది.

దీపపు కంబం విషయంలో లెక్క ఇంకా తేలిక: గుండ్రని పళ్లెం మీద నిలిపిన కంబం పళ్లెంలో ఎంత చోటు కప్పుతుందో, తన తలమీద అంతే చోటు చూపుతుంది కనుక, కొత్తగా చేరేది కంబపు ప్రక్కతల వైశాల్యం మాత్రమే. ఉత్తర తెలంగాణ బడులలోనైనా గణిత ఉపాధ్యాయులు నల్లబల్ల మీది బొమ్మకు ముందు ఒక డోక్రా గంటను, ఒక దారపు ఉండను పిల్లల చేతికిచ్చి ఈ పాఠం మొదలుపెట్టాలి.