తొమ్మిది పేర్ల కాగితం

నార్త్ కరోలినాలోని డర్హమ్ బేస్‌బాల్ స్టేడియంలో ఎడమవైపు గోడ మీద ఓ పెద్ద ఎద్దు బొమ్మ ఉంటుంది. సొంత జట్టువాడు హోమ్‌రన్ కొడితే దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి, ముక్కులోంచి పొగ వస్తుంది. పిల్లలు ఆ ఎద్దు వైపే చూస్తూ కూర్చుంటారు. నేను మాత్రం ఆట మొదలుకాక ముందే స్కోర్‌కార్డు తీసి పెన్సిల్‌తో తొమ్మిది పేర్లు రాసుకుంటాను. ఆ రోజు ఎవరిని ఎన్నో స్థానంలో నిలబెట్టారో చూస్తే, ఏ కుర్రాడి మీద జట్టుకు ఎంత నమ్మకం ఉందో సగం తెలిసిపోతుంది.

ఇక్కడికి దగ్గర్లోని కేరీ, మోరిస్‌విల్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారాంతాల్లో క్రికెట్ ఆడే కుర్రాళ్లను ఎప్పుడైనా వెంట తీసుకొస్తే అందరూ ఒకటే అడుగుతారు: "బ్యాటింగ్ ఆర్డర్ గురించి ఇంత చర్చ ఎందుకన్నా?" క్రికెట్‌లో కెప్టెన్ అవసరాన్ని బట్టి ఏడోవాణ్ని మూడో స్థానంలో పంపొచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఆటకు ముందు మేనేజర్ తొమ్మిది పేర్ల కాగితాన్ని అంపైర్ చేతిలో పెడతాడు. చివరిదాకా అదే వరుస. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ ముగుస్తుంది, తర్వాతి ఇన్నింగ్స్ ఆగినచోటి నుంచే మొదలవుతుంది. ఒకరి బదులు ఇంకొకరిని దించితే, దిగిపోయినవాడు ఆ రోజు మళ్లీ ఆడకూడదు. అందుకే ఆ కాగితం రాయడం ఇక్కడ ఒక విద్య.

దానికి పాత సంప్రదాయం ఒకటుంది. మొదటి స్థానం ఎలాగైనా బేస్ చేరి పరుగెత్తగలవాడిది. రికీ హెండర్సన్ 1,406 బేస్‌లు దొంగిలించి (అంటే, బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి), 2,295 పరుగులు చేసి ఆ స్థానానికి కొలమానమయ్యాడు. ఆ రెండు రికార్డులూ ఇప్పటికీ అతడివే. రెండోవాడు బంతిని ఎటు కావాలంటే అటు నెట్టి, ముందున్నవాణ్ని ఒక బేస్ జరిపేవాడు. మూడోవాడు జట్టులోకెల్లా మంచి బ్యాటర్. నాలుగోవాడు బలశాలి, బేస్‌ల మీదున్న అందరినీ ఒక్క దెబ్బతో ఇంటికి చేర్చాలి. ఈ వరుస ఎంత పాతుకుపోయిందంటే, 1929లో న్యూయార్క్ యాంకీస్ చొక్కాల మీద నంబర్లు వేసినప్పుడు బ్యాటింగ్ వరుసనే నంబర్లుగా ఇచ్చారు. బేబ్ రూత్‌కు 3, లూ గెరిగ్‌కు 4 వచ్చింది అలాగే.

తర్వాత లెక్కలవాళ్లు ఈ వరుసను కదిలించారు. సీజన్‌కు 162 మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్ తొమ్మిది స్థానాల్లో ఏదో ఒకదాని దగ్గర ముగుస్తుంది. కాబట్టి ఒక్క స్థానం కిందికి దిగితే సీజన్‌లో సుమారు 18 సార్లు బ్యాటు పట్టే అవకాశం పోతుంది. అలాంటప్పుడు మంచి బ్యాటర్‌ను కింద దాచిపెట్టడం దేనికి? మైక్ ట్రౌట్, ఆరన్ జడ్జ్ లాంటివాళ్లు రెండో స్థానంలో ఆడింది ఈ ఆలోచనతోనే. 2024లో షోహెయ్ ఒటాని మొదటి స్థానంలోనే ఎక్కువగా ఆడి 54 హోమ్‌రన్‌లు కొట్టాడు, 59 బేస్‌లు దొంగిలించాడు. ఈ మార్పు నాకు నచ్చింది. కాకపోతే ఈ లెక్క ఈ రోజు ఎవరు బాగా కొడతారో చెప్తుంది గానీ, రెండేళ్ల తర్వాత ఎవరు కొట్టగలరో చెప్పదు.

కుర్రాళ్ల సంగతి అక్కడే వస్తుంది. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ను నడిపిన బ్రాంచ్ రికీ, ఆటగాళ్లను కొనే స్తోమతు లేక సొంతంగా పెంచడం మొదలుపెట్టాడు. చిన్న ఊళ్ల జట్లను చేతిలోకి తీసుకుని కుర్రాళ్లను అక్కడ ఆడించాడు. దాన్ని అమెరికన్లు వ్యవసాయంతోనే పోల్చి 'ఫార్మ్' అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే అది నారుమడి. ఇప్పుడు ఒక్కో పెద్ద జట్టుకు నాలుగు మెట్లలో నాలుగు మైనర్ లీగ్ జట్లుంటాయి. వాటిలో పై మెట్టు ట్రిపుల్-ఎ. ఇక్కడి జట్టు డర్హమ్ బుల్స్ ఆ మెట్టు మీదిదే, టాంపా బే రేస్ వాళ్ల నారుమడి. కుర్రాళ్లను వెతికే స్కౌట్లు కొట్టే నేర్పు, బలం, పరుగు, ఫీల్డింగ్, విసురు అనే ఐదు గుణాలకు 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 అంటే పెద్ద లీగులో సగటు ఆటగాడు.

మార్కులు వెయ్యడం ఒక ఎత్తు, నారు ఎప్పుడు పీకి నాటాలో తెలియడం ఒక ఎత్తు. మరీ లేతదైతే నీటి తాకిడికి నిలవదు, ముదిరితే పిలకలు వెయ్యదు. దీనికి 1951 న్యూయార్క్‌ను మించిన పాఠం నాకు తెలియదు.

ఆ ఏడాది మే నెలలో ఇరవయ్యేళ్ల విలీ మేస్ మైనర్ లీగులో .477 సగటుతో ఆడుతున్నాడు. .300 ఉంటేనే గొప్ప అనుకునే ఆట ఇది. సూ సిటీలో సినిమా చూస్తుండగా న్యూయార్క్ జెయింట్స్ నుంచి పిలుపొచ్చింది. వెళ్లాడు, మొదటి 12 సార్లూ ఖాళీ. తర్వాత వారెన్ స్పాన్ బంతికి ఒక హోమ్‌రన్. మళ్లీ ఖాళీ. 26 ప్రయత్నాల్లో ఒకే ఒక్క హిట్. తనను వెనక్కి పంపెయ్యమని లాకర్ గదిలో ఏడ్చాడు. నేను మేనేజర్‌గా ఉన్నంతకాలం సెంటర్ ఫీల్డ్ నీదేనని లియో డ్యురోషర్ మాటిచ్చాడు. బ్యాటింగ్ వరుసలో కిందికి జరిపాడు గానీ పక్కన కూర్చోబెట్టలేదు.

నదికి అవతల యాంకీస్‌లో పందొమ్మిదేళ్ల మికీ మాంటిల్‌దీ అదే అవస్థ. అక్కడి మేనేజర్ కేసీ స్టెంగెల్ వేరే దారి పట్టాడు. జులైలో కుర్రాణ్ని కాన్సస్ సిటీకి, మైనర్ లీగుకు దించాడు. అక్కడా బ్యాటు పలకలేదు. ఇక నావల్ల కాదని మాంటిల్ తండ్రికి ఫోన్ చేశాడు. ఓక్లహోమా గనుల్లో పనిచేసే ఆ తండ్రి వచ్చి, ఓదార్చకుండా కొడుకు బట్టలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. ఆడలేనంటే నాతో గనికి రా అన్నాడు. మాంటిల్ ఉండిపోయాడు. 40 మ్యాచ్‌ల్లో .361 కొట్టి ఆగస్టులో తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు వీపు మీద 6, వచ్చాక 7.

ఒకడిని ఉంచుకున్నారు, ఒకడిని పంపేశారు. ఇద్దరూ ఆటకే మకుటాలయ్యారు. రెండు నిర్ణయాలూ ఎదురెదురుగా ఉన్నా రెంటిలో ఒక్కటి ఉమ్మడి: ఇద్దరి చేతిలోనూ రోజూ బ్యాటు ఉంది. నేను గట్టిగా నమ్మేది ఇదే. కుర్రాణ్ని ఏడో స్థానంలో పెట్టండి, తొమ్మిదిలో పెట్టండి, కింది మెట్టుకు పంపండి. బెంచీ మీద మాత్రం కూర్చోబెట్టకండి. వారానికి రెండుసార్లు బ్యాటు పట్టినవాడు పిచర్ చేతిలోంచి బంతి వదిలే క్షణాన్ని పట్టుకోలేడు. ఎడమచేతి బ్యాటర్‌ను ఎడమచేతి పిచర్ వచ్చినప్పుడల్లా తప్పిస్తే, తనకు దూరంగా వంగిపోయే ఆ బంతిని ఇంకెప్పుడు నేర్చుకుంటాడు? చేతివాటం చూసి మార్చే పద్ధతితోనే స్టెంగెల్ 1949 నుంచి 1953 దాకా వరసగా ఐదు టైటిళ్లు గెలిచాడు, నిజమే. అది పండిన ఆటగాళ్లకు తగిన ఎత్తు. ఎదిగేవాడికి కష్టమైన బంతులూ కావాలి.

ఇంకో అన్యాయం, డబ్బు లెక్కతో నారును మడిలోనే ఉంచెయ్యడం. పెద్ద జట్టులో 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీసు కింద లెక్క. ఆరేళ్లు నిండితే ఆటగాడు స్వేచ్ఛగా బేరమాడుకోవచ్చు. 2015 వసంత శిక్షణలో తొమ్మిది హోమ్‌రన్‌లు కొట్టిన క్రిస్ బ్రయంట్‌ను చికాగో కబ్స్ ఏప్రిల్ 17న గానీ పిలవలేదు. ఫీల్డింగ్ మెరుగుపడాలన్నారు. సీజన్ ముగిసేసరికి అతడి లెక్క 171 రోజులు. దీనిపై ఫిర్యాదు వెళ్తే, మధ్యవర్తి తీర్పు చివరికి జట్టు వైపే వచ్చింది. నిబంధన ప్రకారం సరే, ఆట ధర్మం ప్రకారం కాదు. 2022 ఒప్పందంలో, మేటి కుర్రాణ్ని మొదటి రోజు నుంచి ఆడించిన జట్టుకు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అదనపు అవకాశం దక్కే వీలు కల్పించారు. ఆలస్యంగానైనా మంచి పని.

1951 అక్టోబర్ 3న జెయింట్స్ 4–2తో వెనకబడి ఉండగా చివరి ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ హోమ్‌రన్ కొట్టి లీగు టైటిల్‌ను గెలిపించాడు. ఆ దెబ్బ గురించి అందరూ చెప్పుకుంటారు. ఆ క్షణాన తర్వాతి బ్యాటర్‌గా, ఏడో స్థానంలో, బ్యాటు పట్టుకుని వణుకుతూ నిలబడ్డవాడు విలీ మేస్. అంత పెద్ద రోజున కూడా డ్యురోషర్ ఆ కాగితం మీంచి అతడి పేరు తీసెయ్యలేదు.

డర్హమ్‌లో అప్పుడప్పుడు ఓ ముచ్చట చూస్తాను. అయిదో ఇన్నింగ్స్‌లో, దెబ్బేమీ తగలకుండానే, ఓ కుర్రాణ్ని ఉన్నట్టుండి పక్కకు పిలుస్తారు. కోచ్ చెవిలో ఏదో చెప్తాడు. తోటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి కావలించుకుంటారు. పైనుంచి పిలుపొచ్చిందని స్టేడియమంతా లేచి చప్పట్లు కొడుతుంది. నేను నా స్కోర్‌కార్డులో అతడి పేరు పక్కన గీత గీసి, ఆ గడిలో బదులుగా వచ్చినవాడి పేరు రాసుకుంటాను.