ముగింపు ఎవరి సొత్తు?

ఆ మధ్య ఒక కళాశాలలో సాహిత్య విద్యార్థులతో కథల ముగింపుల గురించి మాట్లాడవలసి వచ్చింది. సినిమా ఉదాహరణ అయితే అందరికీ సులువుగా అందుతుందనుకుని శ్యామ్ బెనగళ్ "అంకుర్" తీసుకున్నాను. 1974లో వచ్చిన చిత్రం. మాట హిందీ, దక్కనీ అయినా కథ మన తెలంగాణ పల్లెది. భూస్వామి కొడుకు సూర్య, అతని ఇంట్లో పనిచేసే లక్ష్మి, చెవిటి, మూగ అయిన ఆమె భర్త కిష్టయ్య. ఈ ముగ్గురి సంబంధం వివరించి, ఆఖరున ఒక కుర్రవాడు భూస్వామి ఇంటి కిటికీ అద్దం మీదికి రాయి విసిరి పరుగెత్తడం, తెరంతా ఎరుపెక్కడం దాకా వచ్చాను. మూడో వరుసలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, ఈ ఆదివారం చూద్దామనుకున్నాను. చివర చెప్పేశారు. ఇంక చూడడానికేం మిగిలింది?"

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "యాభై ఏళ్ల నాటి సినిమా కదమ్మా" అని నేను తప్పించుకున్నాను. అది జవాబు కాదని బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంది. సినిమా వయసు యాభై ఏళ్లు కావచ్చు. ఆ అమ్మాయికి మాత్రం అది ఆదివారం నాడు పుట్టబోతోంది. పుట్టకముందే నేను దాని చావు కబురు చెప్పాను.

ఈ చిరాకును చిన్న విషయంగా తీసిపారేసే అలవాటు మనకుంది. కళ గురించి గంభీరంగా మాట్లాడేవాళ్లం గనుక "తర్వాత ఏమవుతుంది" అనే ఆసక్తి మనకు కొంచెం తక్కువరకం ఆసక్తిగా కనిపిస్తుంది. కాని మా ఊళ్లో టూరింగ్ టాకీసు రోజులు గుర్తు తెచ్చుకుంటే నాకా గాంభీర్యం నిలవదు. పట్నంలో ఆడి ఆడి, రీళ్లు గీతలు పడి, ముక్కలు తెగి, ఎన్నో నెలలకు గాని సినిమా మా డేరాలోకి వచ్చేది కాదు. ఈలోగా పట్నం వెళ్లివచ్చినవాడు ఒకడుండేవాడు. బస్సు చార్జీకీ టిక్కెట్టుకీ డబ్బులున్నవాడు. వాడు రచ్చబండ మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే, హీరో తమ్ముడు చివర్లో చచ్చిపోతాడని చెప్పేవాడు. కథ చెప్పాలన్న ప్రేమ కాదది. తాను ముందు చూశానని చెప్పాలి, అంతే. నేల టిక్కెట్టు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్ల ఆనందంలో ఒక ముక్క కోసుకుని వాడు తినేవాడు.

ఇవాళ రచ్చబండ జేబులోకి వచ్చింది. తెల్లవారుజామున బెనిఫిట్ షోకి హెచ్చు ధర పెట్టి వెళ్లినవాడు, మధ్యాహ్నం కల్లా ముగింపును ఫోనులో లోకమంతటికీ పంచగలడు. రేటు తగ్గాక చూద్దామనుకున్న కుటుంబం, సెలవు దొరకని గుమాస్తా, ఊరు దాటలేని ముసలమ్మ, వీళ్లకు సినిమా చేరేసరికి దానిలో ఎవరు చస్తారో ఎవరు బతుకుతారో ముందే చేరిపోతుంది. ముందు తెలుసుకోగలిగినవాడికీ ఆగవలసినవాడికీ మధ్య ఉన్న తేడా ఎక్కువగా డబ్బు తేడాయే. కాబట్టి ఆ చిరాకులో న్యాయం ఉంది. మొదట అది ఒప్పుకోవాలి.

అయితే ఈ న్యాయమైన చిరాకును ఆసరా చేసుకుని "ముగింపు చెప్పకూడదు" అనే నియమం పాతుకుపోయింది. దీన్ని పాతినవాడు ప్రేక్షకుడు కాదు, వ్యాపారి. ఫ్రాన్సులో క్లూజో తీసిన "డయాబొలిక్" 1955లో వచ్చింది. కథ అయిపోయాక, చూసింది మీ స్నేహితులకు చెప్పి వాళ్ల సరదా పాడుచెయ్యకండి అని తెర మీదే విన్నవించారు. 1960లో హిచ్‌కాక్ "సైకో"కి ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వకూడదని థియేటర్లకు నిబంధన పెట్టాడు. ముగింపు బయటపెట్టవద్దని ప్రకటనల్లో ప్రేక్షకులనే బతిమాలాడు. దాని మూలమైన రాబర్ట్ బ్లాక్ నవల ప్రతులను ముందుగానే కొనిపించాడని కూడా చెబుతారు. రెండూ గొప్ప పనితనం ఉన్న సినిమాలే, సందేహం లేదు. కాని అక్కడ జరిగిన మార్పు గమనించాలి. రహస్యం కథలో ఒక భాగం కావడం పోయి, అమ్మే సరుకు అయింది. ప్రేక్షకుడు ఆ సరుకుకు జీతం లేని కాపలాదారు అయ్యాడు.

మన దగ్గర పద్ధతి కొంచెం వేరుగా ఉండేది. థియేటరు బయట అమ్మే పాటల పుస్తకంలో కథాసంగ్రహం ఉండేది. నాయిక ఆపదలో పడేదాకా చెప్పి, "ఆ తర్వాత ఏమైందో వెండితెరపై చూడండి" అనేవాళ్లు. అది కూడా వ్యాపారమే, అయితే గుట్టు లేని వ్యాపారం. ఇంకోవైపు ఆకాశవాణి సంక్షిప్త శబ్దచిత్రం పేరుతో సినిమా మొత్తాన్ని, ముగింపుతో సహా, కాసేపట్లో వినిపించేది. విన్నవాళ్లు సినిమా మానుకోలేదు. మా అమ్మ శబ్దచిత్రం విని ఏడ్చి, మళ్లీ డేరాలో చూసి ఏడ్చేది. 1953 నాటి "దేవదాసు"కి వెళ్లినవాళ్లలో అతను ఎవరి గుమ్మం ముందు పోతాడో తెలియనివాళ్లు ఎందరుంటారు?

బుర్రకథ మాట చెప్పనే అక్కరలేదు. షేక్ నాజర్ పల్నాటి యుద్ధం చెబుతుంటే, బాలచంద్రుడు కారెంపూడి నుంచి తిరిగి రాడని ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు కూడా తెలుసు. తెలుసు గనుకనే, యుద్ధానికి బయల్దేరేముందు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం అంత బరువు మోస్తుంది. ఫలితం తెలిసినవాడి దృష్టి కారణం మీద పడుతుంది. బ్రెహ్ట్ దీన్నే సిద్ధాంతం చేశాడు. 1941లో జూరిచ్‌లో మొదట ప్రదర్శించిన "మదర్ కరేజ్"లో ప్రతి రంగానికీ ముందు అందులో జరగబోయేది శీర్షికగా ఉంటుంది. ఆమె బండి దక్కించుకుంటుంది, నిజాయితీ గల కొడుకు చనిపోతాడు అని మూడో రంగానికి ముందే తెలిసిపోతుంది. ఇక మనం కొడుకు బతుకుతాడా లేదా అని చూడం. వాణ్ణి విడిపించే లంచం దగ్గర ఆ తల్లి ఎంతసేపు బేరమాడుతుందో చూస్తాం. ఆ బేరమే వాణ్ణి చంపుతుంది.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతే నాకు హాయిగా ఉండేది. బ్రెహ్ట్ పేరు చెప్పి ఆ అమ్మాయి నోరు మూయించవచ్చు. అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2011లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన కూడా చూపించవచ్చు. ముగింపు ముందే చెప్పిన కథలు పాఠకులకు కాస్త ఎక్కువగానే నచ్చాయని అందులో తేలింది. (తర్వాత వేరేవాళ్లు చేసిన పరిశోధనలో దానికి విరుద్ధంగానూ తేలింది. మనసును మార్కులతో కొలిస్తే ఇలాగే ఉంటుంది.) కాని బ్రెహ్ట్‌ను సాక్షిగా పిలవడంలో ఒక మోసం ఉంది. ముగింపు ముందు చెప్పింది బ్రెహ్టే. అది ఆ నాటక నిర్మాణంలో భాగం. చెప్పాక మనల్ని ఏం చూడమంటున్నాడో, దానికి తగినట్టు రంగమంతా కట్టుకున్నాడు. నాజర్ కథ తెలిసినవాళ్లకే కథ చెబుతున్నానని ఎరిగి చెప్పాడు. బెనగళ్ అలా కట్టలేదు. రాయి ఎక్కడినుంచో రావాలని కట్టాడు. అతను దాచుకున్నదాన్ని నేను ముందు చెప్పడం బ్రెహ్ట్ పద్ధతి కాదు, రచ్చబండ పద్ధతి.

ఇది నాకు నేనుగా తోచింది కాదు. ఆ అమ్మాయి ఆదివారం సినిమా చూసి, తర్వాత ఫోను చేసింది. నా తప్పు తవ్వడానికి కాదు, తనకొచ్చిన ఇబ్బంది చెప్పడానికి. "రాయి కోసమే చూస్తూ కూర్చున్నాను సార్. కిష్టయ్యను కొడుతున్నప్పుడు, లక్ష్మి అరుస్తున్నప్పుడు కూడా రాయి ఎప్పుడొస్తుందా అనే ఉంది. అయిపోయాక లక్ష్మి ఏమందో గుర్తు లేదు. ఆ భాగం మళ్లీ పెట్టుకుని చూశాను."

ఈ మాట నన్ను సిద్ధాంతం కంటే ఎక్కువ ఆలోచింపజేసింది. ఇల్లు వదిలిపోయిన కిష్టయ్య సంపాదించిన నాలుగు డబ్బులతో తిరిగి వస్తాడు. భార్య కడుపుతో ఉందని సంతోషిస్తాడు. పని అడగడానికి దొర దగ్గరికి బయల్దేరతాడు. పగ తీర్చుకోవడానికే వస్తున్నాడని భయపడి సూర్య అతన్ని కొరడాతో కొట్టిస్తాడు, తానూ కొడతాడు. అప్పుడు లక్ష్మి దొరను నిలేసి శాపనార్థాలు పెడుతుంది. సినిమా అంతా తల వంచుకుని పనిచేసిన మనిషి నోరు తెరిచే ఘట్టం అది. నా లెక్కలో సినిమా ముగిసేది అక్కడే. పిల్లవాడి రాయి దాని మీద దర్శకుడు వేసిన సంతకం. నేను క్లాసులో సంతకం గురించి చెప్పి, ఉత్తరం చదవకుండా చేశాను.

రాయి మీద నాకున్న అభ్యంతరం ఇదివరకే చాలామందికి ఉంది. పెద్దవాళ్లంతా తలుపులు వేసుకుని లోపలికి పోయాక పిల్లవాడొక్కడు రాయి వెయ్యడం ఆశా, లేక ఆశను వచ్చే తరానికి వాయిదా వెయ్యడమా? సాయుధ పోరాటం చూసిన నేల మీద ఆ పోరాటం జాడ లేకుండా ఒక్క రాయితో సరిపెట్టవచ్చునా? సినిమా పేరే మొలక గనుక అంతకుమించి అడగరాదనేవాళ్లూ ఉన్నారు. ఈ చర్చలో ఎవరు ఒప్పు అన్నది వేరే సంగతి. రాయి సంగతి చెప్పకుండా ఇందులో ఒక్క వాక్యం కూడా రాయలేం. రచయిత తన పాత్రలతో లెక్క తేల్చుకునే చోటు ముగింపు. మూడు గంటలు జమీందారు దౌష్ట్యం చూపించి చివరి రీలులో అతనితో కన్నీళ్లు పెట్టించి దండ వేసే సినిమా ఏ పక్షాన ఉందో చివరి రీలు చెప్పకుండా ఎలా చెబుతాం? దినపత్రికల సమీక్షలు "ముగింపు తెర మీదే చూడాలి" అని ఆగిపోతాయి. అక్కడ ఆగిన సమీక్ష పాటల పుస్తకంతో సమానం.

ముగింపును దాచడం వల్ల విమర్శ ఎంత నష్టపోతుందో మన కళ్లముందే పెద్ద ఎత్తున జరిగింది. "బాహుబలి" మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది. రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్య 21 నెలలకు పైగా దేశమంతా ఒకే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీ కొట్టు నుంచి టీవీ దాకా ఊహలే ఊహలు. చివరికి వచ్చిన జవాబు ఏమిటి? శివగామి ఆజ్ఞాపించింది, సింహాసనానికి బానిస గనుక చంపాడు. ఈ జవాబు మొదటి భాగంలోనే ఉంది. అస్లం ఖాన్ విడిపిస్తానంటే కట్టప్ప ఒప్పుకోడు. తన వంశం ఈ సింహాసనానికి తరతరాల బానిస అని, పూర్వీకుల మాట తప్పలేనని చెబుతాడు. అడగవలసిన ప్రశ్న అప్పుడే అడగవచ్చు. తరాల బానిసత్వాన్ని ఒక మనిషి గొప్పతనంగా చూపించే ఈ కథ మనకెందుకింత నచ్చుతోంది? అడగలేదు, ఎందుకంటే "ఎందుకు" అనే మాట పొడుపుకథగా మారిపోయింది. రాజ్యం గురించిన ప్రశ్న కాస్తా టిక్కెట్టు గురించిన ప్రశ్న అయింది. రెండో భాగం వచ్చాక జవాబు చెప్పినవాళ్ల మీద జనం కోప్పడ్డారు. జవాబు మీద కోప్పడినవాళ్లు నాకు తారసపడలేదు.

అందుచేత ఇబ్బంది రెండువైపులా ఉంది. ముందే చెప్పేసి ఆ అమ్మాయి చూపును రాయి వైపు తిప్పాను. చెప్పకుండా కూర్చుంటే కట్టప్ప విషయంలో చేసినట్టు కాపలా కాస్తాం. ఈ రెంటికీ మధ్య నాకు తోచే దారి చాలా మామూలుది. చూడనివాళ్ల కోసం రాసే సమీక్ష వేరు, చూసినవాళ్లతో చేసే విమర్శ వేరు. మన పత్రికల్లో రెంటినీ ఒకే పేజీలో, ఒకే గొంతుతో కలిపేస్తున్నాం. సమీక్ష అయితే కథ సగంలో ఆగనివ్వండి, తప్పులేదు. విమర్శ అయితే మొదటి వాక్యంలోనే "ఇందులో కథ మొత్తం ఉంది" అని చెప్పి, తర్వాత ఏమీ దాచకుండా రాయాలి. ఈ వ్యాసంలో నేనా పని చెయ్యలేదు. "అంకుర్", "మదర్ కరేజ్", "బాహుబలి" మూడూ చూడని పాఠకుడెవరైనా ఇక్కడిదాకా వచ్చి ఉంటే ఆ అమ్మాయి అడిగినదే నన్ను అడగవచ్చు.

క్లాసు సంగతి ఇంకా సులువు. వచ్చే నెల అదే కళాశాలకు మళ్లీ వెళ్లాలి. ఈసారి ముందు "మా భూమి" వేసి చూపించమన్నాను. మాట్లాడడం మర్నాడు.