మోటారు లాగే ముందు ముల్లు చూడండి

మోటారు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకులో నీళ్లు మాత్రం సన్నగా పడుతుంటాయి. అంతే, మోటారు పోయిందని తేల్చేస్తాం. మెకానిక్కు వచ్చి కప్పీ బిగిస్తాడు, పైపు మీద పైపు విప్పుకుంటూ బోరులోంచి మోటారును పైకి లాగుతాడు. తీరా చూస్తే దానికేమీ కాలేదు. ట్యాంకుకెళ్లే పైపులో ఉప్పు పేరుకుంది. కూలీ డబ్బులు మాత్రం ఇచ్చుకోవాల్సిందే. మా కాలనీలో వేసవి వస్తే ఇదే తంతు, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

స్టార్టర్ డబ్బాలోని అమ్మీటరు, వోల్టుమీటరు కరెంటు సంగతి చెబుతాయి. నీళ్ల సంగతి చెప్పేది ప్రెషర్ గేజ్. బోరు మూతి దగ్గర, ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి జారనివ్వని వాల్వు) దాటాక, డెలివరీ పైపుకు ఒక టీ వేసి బిగించుకోవాలి. పది మీటర్ల ఎత్తు నీరు దాదాపు ఒక కేజీ ప్రెషర్. మా ట్యాంకులో నీళ్లు పడే పైపు కొస 12 మీటర్ల ఎత్తున ఉంది. అంటే కదలని నీటికే 1.2. మోటారు నడిచేటప్పుడు ముల్లు 1.5 చూపిస్తుంది. ఆ పైచిలుకు పైపులోని, బెండ్లలోని రాపిడిది. ముల్లు 2కి ఎక్కి నీళ్లు తగ్గాయంటే అడ్డు పైనుంది, బోరు జోలికి పోనక్కర్లేదు. 1.3కి దిగి నీళ్లూ తగ్గాయంటే తంటా కిందే: నీటిమట్టం పడిపోయి ఉండొచ్చు, ఇంపెల్లర్లు అరిగి ఉండొచ్చు, బోరులో పైపుకు చిల్లు పడి ఉండొచ్చు. ముల్లు ఒక్కచోట నిలవకుండా ఎగిరెగిరి పడుతోందా, నీళ్లతో గాలి వస్తోందేమో చూసి మోటారు ఆపేయాలి. ఆపాక ముల్లు 1.2 దగ్గర నిలబడాలి. మెల్లగా సున్నాకు జారిందా, ముందు అనుమానించాల్సింది ఎన్‌ఆర్‌వీనే.

పాత గేజ్ ఒకటి విప్పి చూశాను. లోపల కొడవలిలా వంగిన చపటా ఇత్తడి గొట్టం. ప్రెషర్ ఎక్కితే అది సాగి నిటారు కాబోతుంది. ఆ కాస్త కదలికనే పళ్ల చక్రం ముల్లుకు అందిస్తుంది. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బోర్డన్ పేటెంటు పొందిన ఏర్పాటు ఇది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. నాకెంతో గౌరవం ఈ పనిముట్టంటే.

మాలాంటి ఇంటికి నాలుగు కేజీల డయల్ చాలు. పది కేజీలది పెడితే 1.5కీ 1.3కీ తేడా కంటికి ఆనదు. గ్లిజరిన్ నింపినదైతే మోటారు అదురుకు ముల్లు వణకదు. కింద చిన్న వాల్వు పెట్టి, చూసేటప్పుడు మాత్రమే తెరిస్తే ఎక్కువకాలం మన్నుతుంది.

కొత్త మోటారు దించిన రోజే గేజ్ ఎంత చూపిస్తోందో స్టార్టర్ డబ్బా తలుపు మీద రాసిపెట్టుకోండి. రేపు నీళ్లు తగ్గితే, కప్పీ బిగించే ముందు ఆ అంకెతో పోల్చి చూడమని మెకానిక్కుకు గట్టిగా చెప్పండి.